దుర్గాబాయి గురించి ఆ ఒక్క కథేనా?

సంపాదకుల వారికి,

మా చెన్నై తెలుగు సభల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రస్తావన వస్తే చాలు, 1923లో కాకినాడ ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూని ఆపేసిన కథ చెప్పి, చప్పట్లు కొట్టించి, భోజనాలకి లేచిపోతారు. మంచి కథే, కాదనను. కానీ ఆవిడ అసలు పనంతా ఆ తర్వాతే కదండీ!

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, బయటికొచ్చాక ఆగిన చదువు మళ్లీ పట్టుకుని, 1937లో ఇదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చిన్నప్పుడే చదువు మానేసిన ఆడవాళ్లని కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకి తయారుచేశారు. తర్వాత లా చదివి ఇక్కడి హైకోర్టులోనే ప్రాక్టీసు, ఆపైన రాజ్యాంగ సభ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే. కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని అప్పట్లోనే పట్టుబట్టారు. చట్టం మాత్రం ఆవిడ పోయిన మూడేళ్లకి, 1984లో వచ్చింది.

ఆవిడ పేరున్న రోడ్డు మీదే రోజూ ఆఫీసుకెళ్లే మన పిల్లల్ని అడగండి, ఎవరో చెప్పలేరు. వచ్చే జూలై 15 జయంతికి దండలూ శాలువాలూ తగ్గించి, పదో తరగతి తప్పిన నలుగురు అమ్మాయిలకి మన సంఘాలు ట్యూషన్ పెట్టించకూడదా?

– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై