వీసీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వీసీ గారికి నమస్కారం. యువ పరిశోధకులకి అవార్డు పెట్టమని మూడుసార్లు మెయిల్ పెట్టాం, జవాబు రాలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నాం. వాల్తేరులో, అంటే మన ఆంధ్రా యూనివర్సిటీలో, భౌతికశాస్త్రవేత్త రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీకి, అంటే వెలుగుని విడదీసి అందులోని గీతల్ని చదివే శాస్త్రానికి, పునాది వేశారని ప్రతి సభలో చెప్పుకుంటాం, ఇప్పుడు ల్యాబ్‌లో కూర్చున్న పిల్లల పేర్లు మాత్రం ఎవరికీ తెలీవు. సోడియం వెలుగులోని రెండు పసుపు గీతల మధ్య తరంగదైర్ఘ్యంలో తేడా 0.6 నానోమీటర్లే, మా జూనియర్ కొలిచేది అంతకన్నా ఎన్నో రెట్లు సన్నగా గీతలు చీలే చీలికల్ని, ఏసీ ఆగి గది వేడి మారితే లేజర్ తరంగదైర్ఘ్యం జారిపోతుంది, అందుకే రాత్రి రెండింటికి కూర్చుంటాడు. ఇలాంటి కొలతలతోనే కదా నక్షత్రాల్లో ఏముందో తేల్చేది! పోయిన నెల సన్మానం గైడ్ గారికి, స్టేజీ మీద వీడి ఊసే లేదు, ఇప్పుడు కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. పీహెచ్‌డీ అయ్యి ఐదేళ్లు దాటనివాళ్లకి ఏటా ఒక అవార్డు, దాంతోపాటు ఏడాది గ్రాంట్ ఇవ్వాలని వచ్చే అకడమిక్ కౌన్సిల్‌లోనే తీర్మానం పెట్టండి సార్.