తెలుగు పేజీల్లో అక్షరాల కొలతలు

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో బడులు, ఆసుపత్రులు, వ్యాపార సంస్థలు వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. వాటిలో చాలావరకు తెలుగు అక్షరాలు కళ్లు చికిలించి చదవాల్సినంత చిన్నగా ఉంటున్నాయి. చూపు తగ్గినవాళ్లు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకున్నా ఆ పేజీల్లో మార్పు రాదు. తయారుచేసినవాళ్లు సైజును పిక్సెళ్లలో బిగించేయడమే కారణం. దీన్ని సరిచేయడానికి భాగహారం వస్తే చాలు.

బ్రౌజర్ మామూలుగా 16 పిక్సెళ్లను మూల సైజుగా తీసుకుంటుంది. ఆ మూల సైజే ఒక రెమ్. కాబట్టి పిక్సెళ్లను 16తో భాగిస్తే రెమ్‌లు వస్తాయి. 14 పిక్సెళ్లు 0.875 రెమ్, 18 అయితే 1.125, 24 అయితే 1.5. కంప్యూటర్‌లోని క్రోమ్‌లో 'వెరీ లార్జ్' ఎంచుకుంటే మూలం 24 అవుతుంది, 1.125 రెమ్ అక్షరం దానంతటదే 27 పిక్సెళ్లకు పెరుగుతుంది. పిక్సెళ్లలో రాసింది మాత్రం 18 దగ్గరే ఆగిపోతుంది. అయితే పేజీ మొత్తాన్నీ చుట్టి ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగుకే 16 పిక్సెళ్లని రాస్తే రెమ్‌లూ బిగుసుకుపోతాయి. అక్కడ 100 శాతం అని రాయాలి, లేదా ఏమీ రాయకుండా వదిలేయాలి.

లెక్క సులువవుతుందని కొందరు మూలాన్ని 62.5 శాతానికి, అంటే 10 పిక్సెళ్లకు దించుతారు. అప్పుడు 18 పిక్సెళ్లంటే 1.8 రెమ్. ఇందులో తప్పు లేదు. కానీ 16 మూలంతో రాసిన కోడ్‌ను తెచ్చి ఇందులో అతికిస్తే 1.125 రెమ్ కాస్తా 11.25 పిక్సెళ్లవుతుంది. అతికించే ముందు మూలం ఎంతో చూసుకోవాలి.

ఎమ్ అనే మరో కొలతతో చిక్కు వేరు. ఫాంట్ సైజును ఎమ్‌లో ఇస్తే అది తనను చుట్టి ఉన్న ఎలిమెంట్ (పేజీలోని భాగం) సైజుతో గుణించుకుంటుంది. జాబితాకు 0.9 ఎమ్ ఇచ్చి, అందులో ఇంకో జాబితా, దాని లోపల మరొకటి పెడితే 14.4, 12.96, చివరికి 11.66 పిక్సెళ్లు. సిలబస్ పేజీల్లో లోపలి అంశాలు చీమల్లా కనిపించేది ఇందుకే. అక్షరాలకు రెమ్ వాడాలి. బటన్ చుట్టూ ఉండే ఖాళీకి మాత్రం ఎమ్మే మేలు, అక్షరంతోపాటు అదీ పెరుగుతుంది.

మన లిపికి అసలు దెబ్బ తగిలేది వరుసల ఎడంలో. పేజీలో కనిపించేదంతా ఉండే 'బాడీ' ట్యాగుకు లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.5 ఎమ్ అని రాస్తే బ్రౌజర్ దాన్ని అక్కడే 24 పిక్సెళ్లుగా లెక్కకట్టి, ఆ 24నే కిందివాటికి పంచుతుంది. 32 పిక్సెళ్ల శీర్షికకూ అదే 24. శీర్షిక రెండు వరుసలైతే 'రాష్ట్ర'లో ష కింద వేలాడే ట, ర వత్తులు కింది వరుసలో 'కీ' మీది గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటాయి. 150 శాతం అని రాసినా ఇదే గతి. యూనిట్ లేకుండా ఉత్త 1.5 అని రాస్తే ప్రతి ఎలిమెంట్ తన సైజుతో గుణించుకుంటుంది, శీర్షికకు 48 వస్తుంది. తెలుగు పాఠానికి 1.5 కూడా ఇరుకే, ఫాంటును బట్టి 1.6 నుంచి 1.8 దాకా ఇవ్వడం మంచిది. ఇంగ్లిష్ టెంప్లేట్లలోని 1.2ను అలాగే ఉంచేయకూడదు. పెట్టె ఎత్తును పిక్సెళ్లలో కట్టేసి, మిగిలింది దాచేస్తే వత్తులు సగానికి తెగుతాయి. హైట్ బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు) వాడాలి.

వరుస వెడల్పుకు 'సీహెచ్' యూనిట్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. అది ఆ ఫాంట్‌లోని సున్నా అంకె వెడల్పు. 60 సీహెచ్ అంటే 60 తెలుగు అక్షరాలు పడతాయని అర్థం కాదు.

వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లకు మా విన్నపం: బిల్లు చెల్లించే ముందు బ్రౌజర్‌లో 'వెరీ లార్జ్' పెట్టి హోమ్ పేజీ, ఫీజుల పట్టిక, దరఖాస్తు ఫారం తెరిచి చూడండి. అక్షరాలు పెరగకపోయినా, వత్తులు తెగినా, బటన్ మీది మాట బయటికి పొంగినా సరిచేయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.

– వెబ్ డిజైనర్లు, హన్మకొండ