కార్బ్యురేటర్ ఇంజన్‌కు ఇంజెక్షన్ పంపు పెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పెట్రోలు బండ్ల పని చేస్తున్నాను. కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్‌కు ఎక్కువ ప్రెషర్ ఇచ్చే ఇంజెక్షన్ పంపు పెట్టడమనే, కొంతకాలంగా షెడ్లలో అలవాటుగా మారిన ఒక ప్రమాదకరమైన పద్ధతిని పాఠకుల దృష్టికి, తోటి మెకానిక్‌ల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

పాత మారుతీ ఓమ్నీలు, 800లు, జిప్సీలు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఇంజన్ అరిగిపోతే అదే రకం మంచి ఇంజన్ దొరకడం కష్టంగా ఉంది. అందుకని ఎంపీఎఫ్ఐ బండి (కంప్యూటరు అదుపులో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం) ఇంజన్ తెచ్చి, దాని ఇంజెక్టర్లు, కంప్యూటరు, వైరింగు తీసేసి, పాత కార్బ్యురేటర్‌నే బిగిస్తున్నారు. ఇంజన్ మార్చేవారు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించుకోవడం తప్పనిసరి. అయితే మ్యానిఫోల్డు (కార్బ్యురేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గొట్టం), ఇగ్నిషన్ కుదిర్చేదాకా ఎంతో శ్రద్ధగా పనిచేసే మెకానిక్ కూడా పెట్రోలు పంపు దగ్గరికి వచ్చేసరికి చేతికి అందిన పంపు పెట్టి పంపించేస్తున్నాడు.

గత వేసవిలో మా షెడ్డుకు అలాంటి ఓమ్నీ ఒకటి వచ్చింది. మైలేజీ పడిపోయిందని, లోపల పెట్రోలు వాసన వస్తోందని యజమాని చెప్పారు. ముందు సీటు ఎత్తి చూస్తే కార్బ్యురేటర్ ఒళ్లంతా తడిసి ఉంది, మ్యానిఫోల్డు మీద చుక్క చుక్కగా పెట్రోలు పడుతోంది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్దితే ఆయిల్ నీళ్లలా పలచగా ఉంది, పెట్రోలు వాసన కొడుతోంది. పైపు విప్పి గేజి పెట్టాను. చదరపు సెంటీమీటరుకు 2.5 కిలోలకు పైగా ప్రెషర్ చూపించింది. పాత సామాన్ల కొట్టులో దొరికిన ఇంజెక్షన్ కారు పంపును నేరుగా కార్బ్యురేటర్‌కు కలిపేశారు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఆ సీట్ల మీద తమ పిల్లలను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తున్నామని ఆయన చెబితే నాకు ఒళ్లు జలదరించింది.

కార్బ్యురేటర్ బౌల్‌లో, అంటే పెట్రోలు నిలిచే గిన్నెలో, పెట్రోలు నిండగానే ఫ్లోటు అనే బెండు పైకి తేలి, సన్నటి నీడిల్‌ను పెట్రోలు వచ్చే రంధ్రం సీటు మీదికి నొక్కి దారి మూస్తుంది. ఆ మూతకు ఉన్న బలమల్లా ఫ్లోటు తేలే బలమే. అది 0.2 నుంచి 0.35 కిలోల ప్రెషర్‌ను ఆపగలదు. దానికి పది రెట్ల ప్రెషర్‌తో తోస్తే ఎంత కొత్త నీడిలైనా నిలవదు. పెట్రోలు ఎంత ఎక్కువ వస్తే ఇంజన్ అంత బాగా లాగుతుందన్న నమ్మకం మన షెడ్లలో బలంగా ఉంది కానీ, 800 సీసీ ఇంజన్ పూర్తి యాక్సిలరేటర్ మీద కూడా గంటకు పదిహేను లీటర్లకు మించి తాగదు, అంతమాత్రం పెట్రోలును చిన్న లో ప్రెషర్ పంపు సునాయాసంగా అందిస్తుంది.

తెచ్చిన ఇంజన్ హెడ్‌కు మెకానికల్ పంపు, అంటే మనం ఏసీ పంపు అనేది, కూర్చునే చోటు ఉండి, దాన్ని ఆడించే మిట్ట క్యామ్ షాఫ్ట్ (వాల్వులను ఆడించే కడ్డీ) మీద ఉంటే అంతకన్నా మేలైనది లేదు, ఎందుకంటే ఇంజన్ ఆగగానే అదీ ఆగిపోతుంది. చాలా ఎంపీఎఫ్ఐ ఇంజన్లకు ఆ ఏర్పాటు ఉండదు. అప్పుడు లో ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు తీసుకుని, ఇంజన్ వేడికి దూరంగా ట్యాంకు దగ్గరే, వీలైనంత కిందికి బిగించి, దానికి ముందు ఫిల్టరు పెట్టాలి. ఎలక్ట్రిక్ పంపుకు తోయడం వచ్చినంతగా లాగడం రాదు, పైగా మన ఎండల్లో లాగే పైపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. ట్యాంకులోని ఇంజెక్షన్ పంపునే ఉంచక తప్పకపోతే, మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపి ప్రెషర్ తగ్గించే రిటర్న్ రకం రెగ్యులేటర్, సరైన సైజు రిటర్న్ పైపు ఉండి తీరాలి. బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక పాత రబ్బరు పైపులను మళ్లీ వాడకూడదు.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది వైరింగు. ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజన్ తిరగడం ఆగితే కంప్యూటరే పంపును ఆపేస్తుంది. కంప్యూటరు తీసేసి పంపును తాళానికి కలిపితే ఆ రక్షణ పోతుంది. గుద్దుకుని ఇంజన్ ఆగిపోయి, పైపు తెగినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పంపు పెట్రోలు కక్కుతూనే ఉంటుంది. ఇంజన్ తిరిగితేనే ఆయిల్ ప్రెషర్ ఉంటుంది. అందుకే ఆయిల్ ప్రెషర్ వస్తేనే కలిసే స్విచ్ గుండా, ఫ్యూజుతో, రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్) పంపుకు కరెంటు ఇచ్చి, స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రం విడిగా అందేలా చూడాలి. ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు ఎర్ర దీపం వెలిగించే మామూలు స్విచ్ దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. దాన్నే ఐదు పిన్నుల రిలేతో తిప్పి వాడేవారున్నారు కానీ, ఆ తీగ తెగితే పంపు ఆగకుండా తిరుగుతుంది కనుక నేను దాన్ని ఒప్పుకోను.

పంపులు అమ్మే దుకాణదారులు ప్రెషర్ ఎంతో చెప్పి అమ్మాలని, ఫిట్‌నెస్ పరీక్ష చేసే అధికారులు ఇలా మార్చిన బండ్లలో పంపు వైరింగును కూడా చూడాలని నా విన్నపం. ఇంజన్ మార్పించుకున్న యజమానులు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, వెనక ట్యాంకు దగ్గర చెవిపెట్టి వినండి. పంపు మోత కొన్ని సెకన్లలో ఆగకుండా అలాగే వినిపిస్తుంటే, దాన్ని సరిచేయించేదాకా ఆ బండిలో ఎవరినీ ఎక్కించవద్దు.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.