వార్షిక నివేదిక – అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి వారం ముందే ఈ నివేదిక మీకు అందాలి. మూడు రోజులు ఆలస్యమైంది, మన్నించండి.

మామూలు పనులు మామూలుగానే జరిగాయి. రెండు లిఫ్టులకు రోపులు మార్చాం, సంపు రెండుసార్లు కడిగించాం. ఎండాకాలం ట్యాంకర్లు తప్పలేదు.

ఈ ఏడాది చెప్పుకోవాల్సింది అరుగు సంగతి. ఎ-బ్లాకు స్టిల్ట్‌లో, అంటే కింద స్తంభాల మధ్య కార్లు పెట్టే చోట, లిఫ్టు పక్కన తుప్పు సైకిళ్లు, బిల్డరు వదిలేసిన టైల్స్ పెట్టెలు ఏళ్లుగా పడి ఉండేవి. బి-402 మాస్టారు సింగపూర్‌లో అమ్మాయి దగ్గర రెండు నెలలుండి వచ్చి కమిటీలో ఓ మాట అన్నారు. అక్కడి ప్రభుత్వ గృహసముదాయాల్లో 1970ల నుంచి చాలా బ్లాకులకు కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తున్నారు. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. పెళ్లిళ్లు, చావులు, చదరంగం అన్నీ అక్కడే. మనదీ స్తంభాల మీద లేచిన ఇల్లే. కాకపోతే వాళ్ల కింద మనుషులు, మన కింద కార్లు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఇండోర్‌లో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీగారు గీసిన అరణ్య గృహసముదాయంలో ఇంటి ముందు అరుగులున్నాయి. 1995లో దానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ టౌన్‌షిప్ డిజైన్ కూడా ఆయనదే. ఊళ్లో అరుగుల మీద పెరిగి ఇక్కడికొచ్చి తలుపులు మూసుకున్నది మనమే కదా!

పార్కింగ్ ఒక్కటీ తగ్గించలేదు, ఫైర్ మెట్ల దారి ముట్టుకోలేదు. లిఫ్టు కోసం నిలబడేవాళ్ల కంటికి ఎదురుగా, ఎల్ ఆకారంలో, మోకాలెత్తు అరుగు కట్టించాం. వరసగా కూర్చుంటే గోడ చూస్తారు, మూలగా కూర్చుంటే ముఖాలు చూస్తారని మేస్త్రీ ఇచ్చిన సలహా అది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం వాన దంచింది. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్లు స్టిల్ట్‌లోని కార్లను రోడ్డు మీదికి తోశారు. కార్లు వానలో, మనుషులు కింద! పదేళ్లుగా ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటున్న ఇద్దరు ఆడపడుచులు తమ పుట్టిళ్లు పక్కపక్క ఊళ్లేనని ఆ రాత్రే తెలుసుకున్నారు.

సి బ్లాకు పిన్నిగార్లకు, సత్తుపిండి చేసి పంచిన డి-101 వారికి, కొత్త ట్యూబ్‌లైటుకు డబ్బులు తీసుకోని ఎలక్ట్రీషియన్‌కు, మేస్త్రీకి, వాచ్‌మన్ కుటుంబానికి కృతజ్ఞతలు. పేరు మరిచిపోయినవారు తిట్టండి, పడతాను.

శ్రమదానం మెసేజ్‌కు వాట్సాప్‌లో బొటనవేళ్లు లేపినవాళ్లు 31 మంది. ఆదివారం పొద్దున వచ్చింది ఆరుగురు, అందులో ఇద్దరు వాచ్‌మన్ కొడుకులు. గేటు బయటి డ్రైనేజీ గురించి ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నాలుగుసార్లూ "సార్ ఫీల్డ్‌లో ఉన్నారు". ఏ ఫీల్డో మాత్రం మన గేటు దగ్గరది కాదు.

అరుగు మీద రాత్రి 10 దాటాక గోల అని మొదటి అంతస్తువారి ఫిర్యాదు న్యాయమైనదే. వేళలు సమావేశంలో తేల్చుకుందాం.

లెక్కలు ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. మెయింటెనెన్స్ బకాయిలున్నవారి ఫ్లాట్ నంబర్లూ పక్కనే ఉన్నాయి.

సి బ్లాకు కింద రెండో అరుగు, కొత్త కమిటీ ఎన్నిక ఎజెండాలో ఉన్నాయి. కార్యదర్శి పదవికి నేను మళ్లీ నిలబడటం లేదు. సమావేశం అరుగు దగ్గరే, ఆదివారం ఉదయం 10 గంటలకు. చోటు చాలదు, కుర్చీలు ఇంటి నుంచి తెచ్చుకోగలరు.

– కార్యదర్శి