వానలు మొదలయ్యేలోపు: మా దుకాణంలో ఏవి ఆపేస్తున్నాం, ఎందుకు

జూన్ నుంచి మా దుకాణంలో నాలుగు సరుకులు దొరకవు. వంటింటి చెత్తను ఎరువు చేసే రెండు బకెట్ల కంపోస్టు సెట్టు, చెత్త త్వరగా కుళ్ళేందుకు చల్లే స్టార్టర్ పొడి, మట్టిలో కలిసిపోతాయని చెప్పే కంపోస్టబుల్ కవర్లు, పండ్ల తొక్కలు పులియబెట్టి చేసే, నేల తుడిచే బయో ఎంజైమ్ సీసాలు. నాలుగూ బాగానే అమ్ముడుపోతున్నాయి. అయినా ఆపేస్తున్నాం. మొదటిది నలుగురున్న ఇంటి అవసరానికి చాలదు. మూడోది ఇంటి బకెట్‌లో పనిచేయదు. మిగతా రెండూ వంటింట్లో ఉన్నవాటితో మీరే చేసుకోవచ్చు. వాటిమీద డబ్బు తీసుకోవడం మాకు సబబుగా అనిపించడం లేదు. ఇకపై వాటి బదులు ఏం చేయాలో కింద రాస్తున్నాం. కొంచెం పొడుగే, కానీ ఒకసారి చదివితే ప్రతివారం వాట్సాప్‌లో అడగాల్సిన పని ఉండదు.

ముందు బకెట్ల లెక్క. నలుగురున్న ఇంట్లో రోజుకు ముప్పావు కిలో అటూ ఇటుగా తడి చెత్త వస్తుంది. దానికి సమానంగా పొడి సరుకు (ఎండుటాకులు, కొబ్బరి పొట్టు లాంటివి) కలుపుతూ పోతే 20 లీటర్ల బకెట్ మూడు వారాల్లో నిండుతుంది. నిండాక అది ఎరువు కావడానికి కనీసం ఆరు వారాలు కొత్త చెత్త వేయకుండా ఉంచాలి. రెండే బకెట్లుంటే రెండోది నిండేసరికి మొదటిది ఇంకా సగం పచ్చిగానే ఉంటుంది. ఎక్కడ వేయాలో తెలియక మళ్ళీ చెత్తబండికే ఇచ్చేస్తారు. కంపోస్టు మానేసిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఆగేది ఇక్కడే, వాసన దగ్గర కాదు. మూడు బకెట్లుంటే చక్రం సరిగ్గా తిరుగుతుంది: మూడోది నిండే రోజుకి మొదటిది తీయడానికి సిద్ధమవుతుంది. ఇద్దరే ఉన్న ఇంటికి రెండు చాలు.

బకెట్లు మా దగ్గరే కొనాలని లేదు. మూతలున్న పాత పెయింట్ బకెట్లు బాగా కడిగితే చాలు. 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో అడుగున పది రంధ్రాలు, పక్కల బెత్తెడు దూరానికొకటి చొప్పున మూడు వరసలు వేయండి. ఇంకా పెద్దవి చేస్తే ఈగలు సులువుగా దూరతాయి, చిన్నవి చేస్తే పొట్టు అడ్డుపడి గాలి ఆడదు. రంధ్రాల మీద లోపలి వైపు దోమతెర ముక్క అంటించండి. బకెట్‌ను రెండు ఇటుకల మీద ఎత్తి, కింద పళ్ళెం పెట్టండి. మూత మీద రంధ్రాలు వద్దు. వానాకాలంలో పాడైన బకెట్లలో ఎక్కువ వాటికి నీళ్ళు పైనుంచే దిగి ఉంటాయి.

అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులో కొబ్బరి పొట్టో పరవండి. ఆపైన రోజూ గిన్నెడు తడి చెత్త, గిన్నెడు పొడి సరుకు. అరటి తొక్కలు, కాడలు, పుచ్చకాయ చెక్కు అంగుళం ముక్కలుగా కోయాలి. సాంబారు, పెరుగన్నం వంటివి వేయాలంటే నీళ్ళు వార్చి, కొద్దిగానే వేయండి. పచ్చళ్ళు, వేపుడు నూనె, మాంసం, ఎముకలు వద్దు. కోడిగుడ్డు పెంకు నలిపి వేయవచ్చు. కొబ్బరి చిప్ప, మామిడి టెంక ఆరు వారాల్లో కదలవు, వాటి జోలికి పోకండి. మూడు నాలుగు రోజులకోసారి పుల్లతో అడుగు దాకా కలియబెట్టాలి. గుప్పెడు తీసి పిండితే చేయి తడి కావాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. తేమ గురించి ఇంతకన్నా పనికొచ్చే కొలత లేదు.

స్టార్టర్ పొడి విషయానికి వస్తే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కూరగాయ తొక్కల మీదే ఉంటాయి. పొడి వేస్తే మొదటి వారం కాస్త వేగం వస్తుంది, అంతే. పాత కంపోస్టు రెండు గుప్పిళ్ళు వేస్తే అదే పని జరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు గ్లాసెడు పుల్ల మజ్జిగలో చిన్న బెల్లంముక్క కరిగించి చిలకరించండి, లేదా కాస్త ఆవు పేడ నీళ్ళలో కలిపి పోయండి.

కొబ్బరి పొట్టు మాత్రం అమ్ముతూనే ఉంటాం. పొట్టును నొక్కి కట్టిన 5 కిలోల దిమ్మకు 20 నుంచి 25 లీటర్ల నీళ్ళు పోస్తే 60 లీటర్లకు పైగా పొంగుతుంది. అయితే ఆ కొలత కుండీలకు. కంపోస్టుకు తడిపిన పొట్టు వాడితే అసలు ఉద్దేశమే పోతుంది, ఎందుకంటే చెత్తలోని నీటిని అది పీల్చుకోవాలి. దిమ్మను గోనెసంచిలో పెట్టి సుత్తితో పొడి చేయండి. కష్టమనిపిస్తే కొంచెం నీళ్ళు చల్లి, విడిపోయాక ఎండలో ఆరబెట్టుకోండి. కుండీలకు వాడేటప్పుడు ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి.

ఉచితంగా కావాలంటే ఆకులున్నాయి. ఫాల్గుణంలో కాలనీలన్నీ ఎండుటాకులతో నిండిపోతాయి, ఊడ్చి తగలబెడతారు. రెండు బస్తాలు నింపి పొడిచోట ఉంచుకుంటే వానాకాలం చాలావరకు గడిచిపోతుంది. వేప, కానుగ, తురాయి ఆకులు త్వరగా కలిసిపోతాయి. మామిడి, బాదం, నీలగిరి ఆకులు మొండివి, నలిపి వేయాలి. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగేటప్పుడు టేకు, వేప లాంటి కలపదేనా అని కనుక్కోండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) పొట్టులో జిగురు రసాయనాలుంటాయి.

ఇక ఫిర్యాదులు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదని, నీరు ఎక్కువైందని అర్థం. మొత్తం గోనెపట్టా మీద పోసి అరపూట ఆరబెట్టి, పొడి సరుకు కలిపి తిరిగి నింపండి. ముక్కు మండే వాసన వస్తే నత్రజని ఎక్కువైంది, అంటే తొక్కలు ఎక్కువ, ఆకులు తక్కువ. తెల్లటి బూజు మంచిదే. చీమలు పట్టాయంటే ఎండిపోయింది, నీళ్ళు చిలకరించండి. మే నెలలో బెజవాడ ఎండకు మేడ మీద పెట్టిన బకెట్ రెండు రోజుల్లో ఎండిపోతుంది, నీడకు మార్చండి.

అందరూ భయపడేది పురుగుల గురించి. గోధుమరంగులో, బల్లపరుపుగా, బియ్యపు గింజకన్నా బాగా పెద్దగా ఉండేవి నల్ల సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు. కుట్టవు, కరవవు. మీ చెత్తను మీకన్నా శ్రద్ధగా పూర్తి చేస్తాయి. వేడినీళ్ళు, ఫినాయిల్ పోశారంటే పురుగులతోపాటు పనిచేసే సూక్ష్మజీవులూ పోతాయి, బకెట్ మళ్ళీ మొదటికొస్తుంది. చూడలేకపోతే పైన రెండంగుళాల పొడి పొట్టు కప్పి, తడి తగ్గించండి, వాటంతటవే తగ్గిపోతాయి.

ఎరువు తయారైందో లేదో చూడాలంటే గుప్పెడు తడిగా ఉన్నప్పుడే కవరులో పెట్టి మూతి బిగించి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు వాన పడ్డ మట్టి వాసన వస్తే తయారైనట్టే. పులిసిన వాసన వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి. పచ్చి ఎరువు కుండీలో వేస్తే అది కుళ్ళడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, మొక్క ఆకులు పసుపెక్కుతాయి. తయారైనది ఒక వంతుకు మూడు వంతులు మట్టి. టమాటా, మిరప మొలకలు వాటంతటవే లేస్తే కంగారు పడకండి. ఇంటి బకెట్ విత్తనాలు చచ్చేంత వేడెక్కదు.

కంపోస్టబుల్ కవర్ల చిక్కు కూడా ఆ వేడి దగ్గరే ఉంది. ఐఎస్ 17088 (కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు భారత ప్రమాణం) గుర్తు ఉన్న కవరు మోసం కాదు, కానీ ఆ పరీక్ష 58 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద కంపోస్టు యార్డుల స్థితికి సరిపోయేది. మీ బకెట్‌లో అది నెలల తరబడి అలాగే చుట్టుకుపోయి ఉంటుంది. 'ఆక్సో బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్నవి ఇంకా అన్యాయం, చిన్న ముక్కలుగా చీలే ప్లాస్టిక్ తప్ప మరేమీ కాదు. తడి చెత్త బుట్టలో రెండు మడతల వార్తాపత్రిక వేయండి, దాన్ని అలాగే కంపోస్టులో పడేయవచ్చు.

బయో ఎంజైమ్ సీసాలు పులుస్తూనే ఉంటాయి కాబట్టి అరల్లో ఉబ్బిపోతాయి, ఏ రెండు సీసాల్లోనూ పులుపు ఒకేలా ఉండదు. పైగా మీరు కొంటున్నది ఎక్కువ భాగం నీళ్ళే. ఇంట్లో చేసుకోండి: బెల్లం 100 గ్రాములు, నిమ్మ, బత్తాయి తొక్కలు 300 గ్రాములు, నీళ్ళు లీటరు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో పోసి, పైన ఖాళీ వదలండి. గాజు సీసా వద్దు, పగులుతుంది. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రెండు మూడు రోజులకోసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. మూడు నెలలకు వడకట్టండి. పైన తెల్లపొర ఉంటే సరే, నల్లబూజు పడితే పారబోయండి. ఐదు లీటర్ల నీళ్ళకు 50 మిల్లీలీటర్లు వేసి టైల్స్ తుడవచ్చు. క్రిములను చంపే మందు అనుకోకండి, అది కాదు.

రెండు జాగ్రత్తలు. ఈ ఎంజైమ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తోగానీ, క్లోరిన్ ఉన్న ఏ ద్రవంతోగానీ కలపకండి, విషవాయువు వస్తుంది. రెండోది మన ఇళ్ళకు ప్రత్యేకం: తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ మూడూ సున్నపురాళ్ళే. పాలరాయీ అదే జాతి. ఆమ్లం తగిలితే మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి, మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. ఎంజైమ్, నిమ్మరసం, వెనిగర్ ఏదైనా అంతే. గ్రానైట్‌కు భయం లేదు. మీ వంటింటి గట్టు ఏ రాయో తెలియకపోతే కనిపించని మూల నిమ్మరసం చుక్క వేసి, ఐదు నిమిషాలకు తుడిచి ఆరాక చూడండి. బండల నేలకు కుంకుడు రసమే నయం.

కుంకుడుకాయలు మా దగ్గర ఉంటాయి, పొడి మాత్రం తెప్పించడం లేదు. పొడిలో గింజ ఎంత కలిసిందో కనిపించదు, నురగనిచ్చేది పెచ్చు మాత్రమే. ఇరవై కాయలు పగలగొట్టి గింజలు తీసి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరిగించి పిసికి వడకట్టండి. బయట ఉంచితే రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం. జిడ్డు గిన్నెలను ముందు శనగపిండితోనో బూడిదతోనో తుడవకపోతే కుంకుడు ఒక్కటే ఓడిపోతుంది. పట్టుచీరలకు చాలా మంచిది, తెల్లబట్టలు మాత్రం కొన్ని ఉతుకులకు పచ్చబారతాయి. బోరునీళ్ళలో సబ్బులా తెట్టు కట్టదు. మిగిలిన రసాన్ని చేపలున్న తొట్టిలోనో చెరువులోనో పోయకండి, చేపలు చస్తాయి.

విస్తళ్ళ విషయంలో ఇకపై కుట్టిన అడ్డాకు, మోదుగాకు విస్తళ్ళే అమ్ముతాం. మిషన్ మీద నొక్కినవాటిలో చాలావాటికి ఆకు వెనక ప్లాస్టిక్ పొర ఉంటోంది. అనుమానముంటే ముక్క చించి రాత్రంతా నీళ్ళలో ఉంచండి, పొర ఊడి తేలుతుంది. అంట్లు తోమే 'కొబ్బరి పీచు' స్క్రబ్బర్లకు వేరే పరీక్ష ఉంది: ఒక పోగు తీసి కాల్చండి. బూడిదైతే పీచు, కరిగి ముద్దకడితే ప్లాస్టిక్.

కొబ్బరి దిమ్మలు కొరియర్‌లో పంపడం కూడా ఆపేశాం. దిమ్మ ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువవుతోంది, మీ ఊరి నర్సరీలో అదే సరుకు దొరుకుతుంది. ఇప్పటికే కొన్న స్టార్టర్ ప్యాకెట్లు విప్పకుండా ఉంటే నెలాఖరులోగా తెచ్చివ్వండి, డబ్బు వెనక్కిస్తాం. రెండు బకెట్ల సెట్టు ఉన్నవాళ్ళకు మూడో బకెట్ విడిగా ఇస్తాం. ఇంట్లో పెయింట్ బకెట్ ఉంటే అదే పట్టుకురండి, రంధ్రాలు ఊరికే వేసిస్తాం.