వాహన లోపాలపై దర్యాప్తును తొందరపడి మూయరాదు

సంపాదకులకు నమస్కారాలు.

కార్ల కంపెనీలు లోపమున్న బండ్లను వెనక్కి పిలిపిస్తున్నాయన్న వార్తలో ఎన్ని లక్షల బండ్లు, ఏ మోడల్, ఏ ఏడాది తయారీ అన్న వివరాలు ఉంటాయి. ఆ లోపం గురించి ప్రభుత్వానికి మొదటి ఫిర్యాదు ఎప్పుడు అందింది, అందాక ఎన్నేళ్లు గడిచాయి అన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు వాహనాల మరమ్మతు పనిలో గడిపిన నాకు అసలు వార్త అదేననిపిస్తుంది. ఎందుకంటే పెద్ద లోపాలు చాలావాటిలో ప్రభుత్వం దర్యాప్తు చేయలేదని అనలేం. చేయబోయి ఆగిపోయింది, లేదా మొదలుపెట్టి మూసేసింది.

జనరల్ మోటార్స్ వ్యవహారం ఇందుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. షెవ్రొలే కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి కార్లలో ఇగ్నిషన్ స్విచ్‌కు ఉండవలసినంత బిగువు లేకపోవడంతో, తాళాల గుత్తి బరువుకో, గుంతలో పడిన కుదుపుకో, మోకాలు తగిలినందుకో తాళంచెవి దానంతటదే వెనక్కి తిరిగిపోయేది. నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగిపోయేది, పవర్ స్టీరింగ్ పనిచేయక స్టీరింగ్ తిప్పడం బరువయ్యేది, బ్రేకు బలంగా తొక్కితే గాని పనిచేసేది కాదు. వీటన్నిటికన్నా ఘోరమేమిటంటే, ఆ స్థితిలో బండి దేనినైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ ఈ లోపానికి దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది 2014లో. ఆ తర్వాత ఏర్పాటైన పరిహార నిధి 124 మరణాలకు ఈ స్విచ్‌తో సంబంధం ఉందని అంగీకరించింది.

కాని అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థలో ఒక విభాగాధిపతి, ఈ కార్లలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడంపై దర్యాప్తు జరపాలని 2007లోనే ప్రతిపాదించారు. సంస్థలోని బృందం లెక్కలు చూసి, ఇలాంటి ఇతర కార్లకన్నా ఇక్కడ ఎక్కువేమీ కనిపించడం లేదని ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. 2010లో మరోసారి చూసి అదే మాట అంది. అప్పటికే విస్కాన్సిన్ రాష్ట్ర పోలీసులు 2006 నాటి ఒక ప్రమాదాన్ని పరిశీలించి, తాళంచెవి ‘యాక్సెసరీ’ (ఇంజిన్ ఆగి, రేడియో వంటివి మాత్రమే పనిచేసే) స్థానంలో ఉందనీ, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడానికి అది కారణం కావచ్చనీ రాసిన నివేదిక ఆ సంస్థ దగ్గరే ఉంది. వేల ఫిర్యాదులను కూడి తీసివేసి చూసినవారు ఆ ఒక్క నివేదికను శ్రద్ధగా చదివి ఉంటే, ఆ లోపం ఏడేళ్ల ముందే బయటపడే అవకాశం ఉండేది. ఈ మాట రాస్తుంటే నాకు బాధే కాదు, కోపం కూడా వస్తున్నది.

చివరికి దాన్ని పట్టుకున్నది ఎవరు? ప్రమాదంలో కూతురిని పోగొట్టుకున్న ఒక కుటుంబం తరఫున కోర్టులో వాదించిన న్యాయవాది నియమించిన ఇంజినీరు. ఆయన ఆ కారులోని స్విచ్‌నూ, బజారులో కొన్న కొత్త స్విచ్‌నూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. రెండింటి మీదా ఒకే విడిభాగం నంబరు ఉంది, లోపలి నిర్మాణం మాత్రం వేరు. కంపెనీ ఇంజినీరు 2006లో స్విచ్‌ను మార్పించి, నంబరు మాత్రం పాతదే ఉంచారన్నమాట. విడిభాగం మారితే నంబరు మారాలన్నది మా పనిలో మొదటి పాఠం. నంబరు మారకపోతే మంచిదేదో లోపమున్నదేదో తెలియక, మెకానిక్ తన చేతులతోనే పాత లోపాన్ని మళ్లీ బండికి బిగించే ప్రమాదం ఉంటుంది.

జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల కథలోనూ ఇదే జరిగింది. ఎయిర్‌బ్యాగును వాయువుతో నింపే ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ లోనై చెడిపోయి, అవి పేలినప్పుడు లోహపు ముక్కలు డ్రైవరు మీదికి ఎగిసివచ్చేవి. అమెరికా సంస్థ 2009లో దీనిపై విచారణ మొదలుపెట్టి, ముందుకు వెళ్లడానికి తగిన సమాచారం లేదంటూ 2010 మేలో మూసేసింది. తర్వాత ఆ ఒక్క దేశంలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

ప్రతి ఫిర్యాదూ నిజమేనని నేను అనడం లేదు. టొయోటా కార్లు వాటంతటవే వేగం అందుకుంటున్నాయన్న ఆరోపణ వచ్చినప్పుడు అదే సంస్థ నాసా ఇంజినీర్ల సాయం కోరింది. వారు పది నెలలు పరిశీలించి, అంతటి వేగానికి దారితీసే ఎలక్ట్రానిక్ లోపమేదీ దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. ఇరుక్కునే యాక్సిలరేటర్ పెడల్, దానికి అడ్డుపడే మ్యాటు అన్న రెండు కారణాలు మాత్రమే మిగిలాయి. ఆ తీర్పును అందరూ ఒప్పుకోలేదు. అయినా ఏం పరీక్షించారో, ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చారో బహిరంగంగా రాసి ఉంచారు కనుక, ఒప్పుకోనివారు వాదించడానికి ఒక ఆధారం మిగిలింది.

తయారీదారు పంపిన సమాధానాల మీదే ఆధారపడితే ఏమవుతుందో జపాన్ చూసింది. మిత్సుబిషి మోటార్స్ వినియోగదారుల ఫిర్యాదులను రెండు దశాబ్దాలకు పైగా ప్రభుత్వానికి చూపకుండా దాచిపెట్టిందని 2000లో రవాణా శాఖ తనిఖీలో తేలింది. 2002లో యోకోహామాలో అదే సంస్థ ట్రక్కు చక్రం ఊడి వచ్చి తగలడంతో ఒక తల్లి ప్రాణం పోయింది. బండిని సరిగా చూసుకోకపోవడమే కారణమని వాదిస్తూ వచ్చిన కంపెనీ, చక్రాన్ని ఇరుసుకు కలిపే హబ్‌లో లోపముందని 2004లో గాని ఒప్పుకోలేదు.

అందువల్ల దర్యాప్తు సంస్థలను నేను కోరేది ఏమిటంటే, ఒక ఫిర్యాదును పక్కన పెట్టినా, విచారణను మూసినా, ఏ పత్రాలు చదివి, ఏ విడిభాగాన్ని విప్పి చూసి ఆ నిర్ణయం తీసుకున్నారో ప్రజలకు తెలపాలి. అదే లోపంతో మరో మరణం జరిగిన రోజున ఆ ఫైలు ఎవరి అనుమతితోనూ పని లేకుండా మళ్లీ తెరుచుకోవాలి. ప్రమాదానికి గురైన బండిలో మార్చిన పాత విడిభాగం సాధారణంగా ఇనప సామానులోకి పోతుంది. దాన్ని కొంతకాలం భద్రపరచి దర్యాప్తు అధికారులకు అందించే బాధ్యత వర్క్‌షాపుల మీద పెట్టాలి. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2015లో ఇచ్చిన నివేదిక ఫిర్యాదుల వడపోతలోనూ, సిబ్బంది శిక్షణలోనూ ఉన్న లోపాలను ఎత్తిచూపింది. కాబట్టి ఈ పనులకు మనుషులూ డబ్బూ కావాలన్న సంగతి నాకు తెలియనిది కాదు.

మీ పత్రికకు నా విన్నపం కూడా ఒకటుంది. ఇకమీదట బండ్లను వెనక్కి పిలిపించిన వార్త ప్రచురించేటప్పుడు, ఆ లోపంపై మొదటి ఫిర్యాదు అందిన తేదీని, అంతకుముందు విచారణ ఏదైనా మొదలై మూతపడి ఉంటే ఆ సంగతిని కూడా తప్పక రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత మోటారు మెకానిక్