జీతం కోతలు, డిపాజిట్లు, సీడీసీల (నావికుల సర్వీసు పుస్తకాల) గురించి క్రూ ఏజెన్సీకి ఫిర్యాదు

క్రూ మేనేజర్ గారికి,

విషయం: నర్సాపురం, అంతర్వేది, ఓడలరేవు, యానాం ప్రాంతాల నుంచి మీ ద్వారా షిప్పు ఎక్కిన కుర్రాళ్ల జీతం లెక్కలు.

అయ్యా,

ముందుగా జతచేసిన జీతం స్లిప్పు జిరాక్సు చూడండి. ఓఎస్ (ఆర్డినరీ సీమన్, అంటే డెక్ మీద కింది స్థాయి నావికుడు) ఉద్యోగం. బేసిక్ 520 డాలర్లు, ఓవర్‌టైం 104 గంటలకు 260 డాలర్లు అని ఉంది. నెలకు మామూలు పని 208 గంటల లెక్కన గంటకు రెండున్నర డాలర్లు. ఓవర్‌టైంకీ మీరు అదే రేటు కట్టారు. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం మార్గదర్శకాల ప్రకారం అది కనీసం ఒకటింబావు రెట్లు ఉండాలి. అంటే 325 డాలర్లు. నెలకు 65 తగ్గింది, తొమ్మిది నెలల కాంట్రాక్టులో 585 డాలర్లు. ఒక్క కుర్రాడికే ఇంత.

అదే స్లిప్పులో ఇంటికి పంపిన అలాట్‌మెంటుకి డాలర్ రేటు రాయలేదు. ఏ రేటున మార్చారో నెలనెలా ఇచ్చే లెక్కలో చూపాలి. ఇప్పుడు ఇంట్లోవాళ్లు పాసుబుక్కులో పడ్డ రూపాయలను డాలర్లతో భాగించి కనుక్కోవాల్సి వస్తోంది.

'సెక్యూరిటీ' పేరుతో మొదటి మూడు నెలలు పట్టుకున్న సొమ్ము మరీ అన్యాయం. మధ్యలో దిగిపోతే టికెట్ ఖర్చుకని మీ ఆఫీసు చెబుతోంది. ఇంటికి చేర్చే ఖర్చు ఓడ ఓనరుది. తీవ్రమైన తప్పు చేశాడని నిబంధనల ప్రకారం తేలితే తప్ప జీతంలోంచి పట్టుకోకూడదు, ముందుగా అసలే వసూలు చేయకూడదు. భారత్ ఈ సముద్ర కార్మిక ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది కాబట్టి 'మాకు వర్తించదు' అని మీరనే మాట చెల్లదు.

ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చులే అతనివి. వీసా ఖర్చు కూడా కాదు. మీ సబ్ ఏజెంట్లు మాత్రం కొబ్బరితోటలు తాకట్టు పెట్టించి మరీ 'సర్వీస్ చార్జీ' గుంజుతున్నారు. వాళ్లు మీ మనుషులు కారని తప్పించుకోవద్దు, జాయినింగ్ లెటర్ మీ లెటర్‌హెడ్ మీదే వచ్చింది.

కాంట్రాక్టు ఫ్లైట్ ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వస్తోంది. జీతం గడి ఖాళీ! సంతకానికి ముందు చదువుకోవడానికి, సలహా అడగడానికి సమయం ఇవ్వాలి, సంతకాలయ్యాక ఒరిజినల్ ఒకటి కుర్రాడి చేతిలో ఉండాలి.

క్రమశిక్షణ విషయం. 'బ్యాడ్ రిపోర్ట్' రాస్తామని ఫోన్లో బెదిరించడం శిక్షా విధానం కాదు. ఓడలో తప్పు జరిగితే అఫీషియల్ లాగ్‌బుక్‌లో నమోదు చేసి, అతనికి చదివి వినిపించి, అతను చెప్పిన జవాబునూ అందులోనే రాయాలి. అదేమీ లేకుండా సీడీసీ, పాస్‌పోర్టు మీ బీరువాలో పెట్టుకోవడానికి మీకు హక్కు లేదు. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వపు ఆస్తి.

భారత జెండా ఓడల్లో చేసిన ఇద్దరికి ప్రావిడెంట్ ఫండ్ కోత స్లిప్పులో ఉంది, ఖాతాలో జమ లేదు. నెలవారీ చలాన్లు పంపండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఓవర్‌టైం తేడా, డిపాజిట్లు, సర్వీస్ చార్జీలు బ్యాంకు ఖాతాల్లో వేసి, ఒరిజినల్ పత్రాలు రశీదు తీసుకుని ఇచ్చేయండి. లేకుంటే మీ లైసెన్సు నంబరుతో సహా ముంబైలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్‌కు ఈ కాగితాలన్నీ పంపుతాం.

ఇట్లు,
డెల్టా నావికులు, వారి కుటుంబాలు

జతచేసినవి: జీతం స్లిప్పులు, పాసుబుక్కు పేజీలు, సబ్ ఏజెంట్ల రశీదులు